తాళం తిప్పండమ్మా, వింటాను

మా కారు బాగుచేసే రావులపాలెం మెకానిక్ గారు ముందు బానెట్ ఎత్తేవారు కాదు. "తాళం తిప్పండమ్మా, వింటాను" అని కళ్ళు మూసుకునేవారు.

గుండెనొప్పి వచ్చిన నాన్నను వెనక సీట్లో పడుకోబెట్టుకుని రాజమండ్రి ఆసుపత్రికి వెళ్తుంటే, అరటి మార్కెట్ దగ్గర కారు ఆగిపోయింది. నేను ఆయన షెడ్డుకు పరుగెత్తాను. ఎక్కడికో బయల్దేరుతూ తాళం వేస్తున్న మనిషి, నన్ను చూసి వెంటనే వచ్చేశారు.

రెండుసార్లు విన్నారు. "ఇంజిను తిరుగుతోంది గానీ అంటుకోవట్లేదమ్మా. క్రాంక్ సెన్సర్ వేడెక్కినట్టుంది" అంటూ కారు కిందకి దూరి, తడిగుడ్డతో దాన్ని చల్లబరిచారు. మధ్యలో ఫోన్ మోగితే చూసి జేబులో పెట్టేసుకున్నారు. కారు స్టార్టయింది. "ఇంకెక్కడా ఆపకుండా పోనివ్వండి" అన్నారు.

నెల తర్వాత ఆయన్ను కలుద్దామని వెళ్ళాను. ఆ రోజు కాకినాడ ఆసుపత్రిలో ఆయన తల్లి చివరి ఘడియల్లో ఉన్నారని, మా కోసం ఆగడంతో కడసారి చూపు దక్కలేదని పక్క టీకొట్టు ఆవిడ చెప్పింది.

ఆయన గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"ఎందుకు ఆగారండి?" అన్నాను.

"అమ్మకి నేను చెయ్యగలిగిందేం లేదమ్మా. మీ బండైతే నా చేతిలో పనే కదా." నా వైపు తిరిగి, "నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు.

నాన్న మూడో రోజే పోయారు.

"బాగున్నారండి" అన్నాను.

"అంతే చాలమ్మా" అంటూ ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు.