ఊరికే ఇచ్చిన బంటు

చిట్టీ, నువ్వు లేవన్న మాట నా చేత్తోనే రాయాల్సి వచ్చింది బిడ్డా.

బోనాలు వెళ్ళిన వారంలోనే నా బిడ్డ దవాఖానలో కన్నుమూసింది. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. మొయినాబాద్‌లో సార్ నడిపే చదరంగం గదికి వచ్చేవాళ్ళంతా ఆమెను అక్కా అని పిలిచేవారు. ఆమె పోయిన సంగతి సార్ వాళ్ళందరికీ చెప్పే ఉంటారు. ఆమె ఆట ఎట్లా మొదలుపెట్టేదో, ఎందుకు మార్చుకుందో మాత్రం నాకే తెలుసు. అందుకని రాస్తున్నాను.

చేవెళ్ల నుంచి పొద్దున బస్సెక్కి మొయినాబాద్‌లో జిరాక్స్ షాపుకు పనికి పోయేది. దారంతా ఫోన్‌లో ఓపెనింగులు చూసేది. ఓపెనింగ్ అంటే ఆటలో మొదటి ఎత్తులు, పావులను ఏ వరుసలో బయటికి తీయాలన్నది. ఒకటి నేర్చుకునేది, ఆడి ఓడిపోయేది, అది మంచిది కాదని ఇంకోటి పట్టుకునేది. సార్ చూసి చూసి ఒకరోజు నవ్వారట. "కిరాయిల్లు మారినట్టు మారుస్తున్నవ్ బిడ్డా. సామాన్ సర్దుకునుడే అయితున్నది, ఆ ఇంట్ల ఉండేదెప్పుడు?"

ఆ మాట తగిలింది. అన్నీ వదిలేసి ఒకటే ఉంచుకుంది. మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు జరపడం, ఆ పక్క ఒంటెను బయటికి తీయడం, వెనక చిన్న బంట్లతో గోడ కట్టుకోవడం. ఎదుటివాళ్ళు ఏం ఆడినా తనది అదే కట్టడం. తొందర ఉండదు. ఇంట్లో వాళ్ళ బాపు విసుక్కునేవాడు.

"నీ గోడ లేసేసరికి నా గడ్డం పెరుగుతున్నదే!"

"అయితే ఓడిపోయిన్నని ఒప్పుకో బాపూ. పోయి గీసుకో."

అంత ఓపికగా కూర్చునే పిల్లకే ఆ జబ్బు వచ్చింది. డయాలసిస్ మొదలయ్యాక కాసేపు కూర్చుంటే కాళ్ళు వాచేవి, తల తిరిగేది. అట్లానే మొయినాబాద్‌లో పోటీకి పోయింది. గోడ బాగా కట్టింది, బంటు మీద బంటు గెలుచుకుంది. సగంలో లేచి, ఎదుటి పిల్లవాడికి చెయ్యి ఇచ్చి, ఓడిపోయానని చెప్పేసింది.

"గెలిచే ఆట ఇడిసిపెట్టినవేందమ్మా?" అన్నారు సార్.

"కూసునే బలం ఒడిసింది సార్."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టి, "అమ్మా, ఒక్క ఆటన్న ఆఖరుదాక కూసోని ముగియ్యాలె. గెలిచుడు తర్వాత సంగతి" అంది. ఆ బిడ్డ నన్ను బట్టలు అడగలేదు, బంగారం అడగలేదు. ఈ ఒక్కటే అనుకుంది.

అందుకే ఓపెనింగ్ మార్చింది. ఈసారి ఓడిపోయి కాదు. తొందరగా తెగిపోయే ఆట కావాలని వెతికింది. దవాఖానలో సూది గుచ్చిన చెయ్యి కదలకుండా పెట్టుకుని, రెండో చేత్తో తెల్ల పావులు జరిపేది. నేను స్టూలు మీద కూర్చుని నల్లవి జరిపేదాన్ని. ముందు ఇద్దరం రాజు ముందరి బంట్లను రెండేసి గళ్ళు తోస్తాం. వెంటనే ఆమె ఆ పక్క ఒంటె ముందరి బంటును కూడా రెండు గళ్ళు తోసి, నా బంటు నోటికాడ పెట్టేది.

"తీస్కో."

"ఊకెనే ఇస్తవా? నేనైతే అంగట్ల ఒక్క మిరపకాయ కూడ ఊకె ఇయ్య."

"ఊకె కాదే అమ్మా. నువ్వు దాన్ని తినే లోపల నా పావులన్ని బైటికొస్తయ్."

"మరి నీ రాజు ముందర తలుపు తీసినట్టె గద?"

"తియ్యనీ. ఎటన్న జల్ది తెగుతది."

నేను ప్రతిసారీ తీసుకున్నాను. తీసుకున్నాక ఏం చెయ్యాలో ఆమె నేర్చుకుంటూ పోయింది. తీసుకోకపోతే ఏమిటన్నది మా ఇద్దరికీ తోచలేదు.

తర్వాతి పోటీలో ఎదురుగా బడిపిల్ల కూర్చుంది. నా బిడ్డ బంటును ముందుకు తోసింది. ఆ పిల్ల దాని వైపు చూసి, తీసుకోలేదు. మంత్రి ముందరి బంటును ఒక్క గడి జరిపి ఊరుకుంది. నా బిడ్డ తల తిప్పి గోడకు ఆనుకుని ఉన్న నన్ను చూసి నవ్వింది. ఇది తొందరగా తెగే ఆట కాదని ఇద్దరికీ తెలిసింది. ఆట సాగుతూనే ఉంది. పక్క బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. బల్ల కింద చెప్పులు విడిచి, వాచిన పాదాలు చల్లటి బండ మీద పెట్టుకుంది. పోదాం లే బిడ్డా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. చివరికి ఆమె రాజుకు పోయేందుకు గడి లేకుండా పోయింది. చెయ్యి ఇచ్చింది. ఓడిపోయింది, కానీ మధ్యలో లేవలేదు.

"అందరు నీ లెక్క ఆశపోతులు గారే అమ్మా" అంది నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

దినాలయ్యాక ఒక ఆదివారం సార్‌నూ, ఆ గదిలో ఆడే పిల్లలనూ భోజనానికి పిలిచాను. టమాట పప్పు, ఆలుగడ్డ కూర, ఆమెకు డాక్టర్లు వద్దన్నవన్నీ వండాను. పిల్లలు వరుసగా కూర్చుని తింటున్నారు. సార్ రెండు ముద్దలు తిని తలెత్తారు.

"జర ఉప్పు తెస్తవా అమ్మా?"

అప్పుడు తెలిసింది, దేంట్లోనూ ఉప్పు వెయ్యలేదని. ఆమెకు చప్పిడి వండి వండి నా చెయ్యి ఉప్పు డబ్బా దగ్గరికి పోవడమే మానేసింది. ఆ చప్పటి కూరనే పిల్లలు నా మొహం చూసి తింటున్నారు. ఉప్పు తెచ్చి అందరి పళ్ళేలలో నేనే వేశాను.

ఇది చదివే బిడ్డలారా, మీరు ఉప్పు, పులుపు సరిగ్గా వేసుకుని, కడుపునిండా అన్నం తినండి.