ఆర్ఫా తిరస్కరించిన దరఖాస్తు

హార్లన్ ఫోర్డ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆర్ఫా టటిల్ ముప్పయ్యొక్క సంవత్సరాలు పనిచేసింది. ఒకరికి కలపవలసిన ఫోను మరొకరికి కలిపిందన్న మాట ఏనాడూ పడలేదు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి, గురువారం డేరా. తక్కిన రోజులు ఆ రెండింటికీ సిద్ధపడడానికే ఉన్నాయన్నట్లు బతికింది.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడినవారి కూతుళ్లు, మనవరాళ్లు కలిసి పెట్టుకున్నది నీలికోటు వారసురాళ్ల సమాజం. ఊరూరా ఉన్న దాని శాఖలను డేరాలంటారు. మే నెలాఖరున సైనికుల సమాధులపై జెండాలు గుచ్చి, పియొనీ పూలు పెట్టడం వారి ముఖ్యమైన పని. ఆర్ఫా రిజిస్ట్రారు. చేరగోరిన స్త్రీ పూర్వికుడు నిజంగా సైనికుడేనా, గౌరవంగా విడుదలయ్యాడా అని తేల్చేది ఆమే. దండు విడిచి పారిపోయినవాడి సంతతికి డేరాలో చోటు లేదు. అతని సమాధికి జెండా లేదు.

1961 మార్చిలో ఒక సభ్యురాలు నిమోనియాతో పోయింది. నలుగురు మిగిలారు. మే ముప్పయ్యో తేదీలోగా అయిదుగురు కాకపోతే డేరా గుర్తింపు పత్రాన్ని తిప్పి పంపవలసిందని రాష్ట్ర కార్యాలయం రాసింది.

"హెస్టర్ స్ట్రౌడ్‌ని అడుగుదాం," అన్నది అధ్యక్షురాలు వెర్నా, కాఫీ పోస్తూ. "వాళ్లమ్మ లుసిండా అప్పట్లో చేరాలని ఎంత తిరిగిందనీ!"

"లుసిండా తండ్రి పారిపోయినవాడు, సిస్టర్. కాగితం ఉంది."

"నీ కాగితాలు తగలెయ్య! డేరా మునిగిపోతుంటే నువ్వింకా టిక్కెట్లు అడుగుతున్నావా?"

"నమ్మకపోతే తెచ్చి చూపిస్తాను," అన్నది ఆర్ఫా.

చూపించడానికే ఆ సాయంత్రం ముప్పయ్యేళ్ల నాటి కవరు విప్పింది. వాషింగ్టన్ నుంచి వచ్చిన జవాబులో ఏసా ప్రూయిట్, రెజిమెంటులో కె కంపెనీ దళం, వయసు పంతొమ్మిది, అవివాహితుడు, దండు విడిచి పరారీ అని ఉంది. దానికి గుచ్చిన లుసిండా దరఖాస్తులో ఏసా ప్రూయిట్ వడ్రంగి; సైన్యంలో చేరేనాటికి ఇద్దరు పిల్లల తండ్రి; జి కంపెనీ. ఆర్ఫా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆనాడు తన లేఖలో కంపెనీ అక్షరం రాయలేదు. వచ్చిన జవాబులో 'పరారీ' అన్న మాట కనబడగానే చదవడం ఆపేసింది.

మళ్లీ రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఒకే రెజిమెంటులో ఇద్దరు ఏసా ప్రూయిట్‌లు. లుసిండా తండ్రి తొడలో తూటా దిగి, గౌరవంగా విడుదలైనవాడు.

ఆ ఉత్తరం పట్టుకొని హెస్టర్ ఇంటికి వెళ్లింది. హెస్టర్ బట్టలు కుడుతుంది. అప్పుడు ఎవరిదో పెళ్లిగౌను ఇస్త్రీ చేస్తోంది. ఆర్ఫా నిలబడే అంతా చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది. ఇస్త్రీపెట్టె ఆగలేదు.

"మా అమ్మ ఏటా పూలు పట్టుకెళ్లేది, మిస్ టటిల్. మీవాళ్లంతా వెళ్లిపోయేదాకా గేటు బయటే నిలబడేది. చుట్టూ జెండాలు, మధ్యలో మా తాత రాయి బోసిగా. ఒకసారి నేనే అన్నాను, పిరికిపందకి పూలెందుకమ్మా అని. ఆ తర్వాత నన్ను తీసుకెళ్లలేదు."

ఆర్ఫా దరఖాస్తు బల్లమీద పెట్టింది. "నువ్వు సంతకం పెడితే డేరా నిలబడుతుంది, హెస్టర్."

"ఓహో! అదన్నమాట. అయిదో మనిషి కావలసి రాకపోతే ఆ కవరు విప్పేవారా?"

ఆర్ఫా దరఖాస్తు మీంచి చెయ్యి తీసింది. "విప్పేదాన్ని కాదు."

"పోనీలెండి, నిజం చెప్పారు. ఒక పని చెయ్యండి. మా అమ్మ పేరు రాసుకోండి. నా పేరొద్దు."

"చనిపోయినవాళ్లని చేర్చుకోకూడదు."

"రూలా?"

"రూలే."

హెస్టర్ నవ్వింది. ఆ నవ్వులో వెటకారం కూడా లేదు, అలసటే ఉంది. "బతికుండగా రూలు, చచ్చాకా రూలు. వెళ్లిరండి, మిస్ టటిల్. పెళ్లివాళ్లు వచ్చే వేళయింది."

మే ముప్పయ్యో తేదీన నలుగురూ శ్మశానానికి వెళ్లారు. ఏసా ప్రూయిట్ సమాధిపై జెండాను ఆర్ఫాయే గుచ్చింది. గడ్డి కింద నేల గట్టిగా ఉండి, పుల్ల రెండుసార్లు వంగింది. హెస్టర్ రాలేదు. గేటు బయటా ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఆఖరి సమావేశం. పత్రాన్ని గోడమీంచి దించి, పెట్టెలో పెట్టారు. ఆర్ఫా మినిట్స్ పుస్తకం తెరిచి, లుసిండా దరఖాస్తు అన్యాయంగా తిరస్కరింపబడిందని రాయబోయింది.

"ఇప్పుడెందుకే ఆ తద్దినం?" అన్నది వెర్నా. "పుస్తకం పోయి ఏ అటకమీదో పడుంటుంది. పోనీ, వాషింగ్టన్ వాళ్ల పొరపాటని రాయి. నీ పరువైనా దక్కుతుంది."

"వాళ్లు సరిగ్గానే రాశారు, వెర్నా."

సభ నడుస్తుండగా సిస్టర్ అనకుండా పేరు పెట్టి పిలవడం ఆ గదిలో ఆర్ఫాకు అదే మొదటిసారి. 'రిజిస్ట్రారు కాగితాన్ని పూర్తిగా చదవకపోవడం వలన' అని రాసి, కింద తన సంతకం చేసి, పుస్తకాన్ని సంతకానికి వెర్నా వైపు తిప్పింది. తక్కిన ఇద్దరూ అప్పటికే కోట్లు తొడుక్కుంటున్నారు.