నీళ్లడగని పూలు

పిల్లలూ, మీరు పంపిన ఫొటోలో గోడమీది పూలబొమ్మ చూస్తే మా పెద్దత్త గుర్తొచ్చింది. దొరల బంగళా వేలంలో కొన్న నూరేళ్లనాటి సీమపూల పటం అద్దాన్ని, నీళ్లకు కరువొచ్చిన ఏడు కూడా రోజూ చెంబెడు నీళ్లతో కడిగి, వచ్చినవాళ్లకు చూపేది.

“నీళ్లడగని పూలు. గొప్పోళ్ల ఇండ్లల్లో ఇవే ఉంటాయంట.”

పూలమ్మే పొరుగామె ఎండుతున్న మల్లెచెట్టుకు ఆ చెంబెడు నీళ్లు అడిగితే, పెద్దత్త ఇదే మాట చెప్పి పంపేసింది.

పెద్దత్త తన కూతురి పెళ్లిచూపులనాడు జడలోకి మల్లెలు తెమ్మని నన్ను పంపింది.

“ఉండేది నాలుగు మొగ్గలు, ఇయ్యను. ఆ పటాన్నే జడలో పెట్టుకోమను, పోమ్మా,” అంది పొరుగామె.

వచ్చి చెప్పాను. పెద్దత్త నీళ్లబిందె చంకనెత్తుకుని మల్లెచెట్టు దగ్గరికి పోయింది.

మర్నాటినుంచి పటాన్ని పొడిగుడ్డతో తుడిచేది.