ఎద్దులు ఆగిన చోటు

మొన్న ఆటోలో పోతుంటే ఒక బడి ముందు స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరి, నా తల పైనున్న ఇనుప కడ్డీకి ఠంగున తగిలింది. “సారీ సార్, చూడలే” అన్నాడు డ్రైవరు. బొప్పి తడుముకుంటూ నేను అతన్ని తిట్టాల్సింది. తిట్టలేదు. నాకు లతీఫ్ సాబ్ గుర్తొచ్చారు. ఆయన ఉంటే, చూడనివాడిది కాదు, చూస్తాడనుకున్నవాడిది తప్పని నన్నే కోప్పడేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, భైంసా దారి మీదున్న ఒక చిన్న పట్నంలో ఆయన రోడ్ల ఓవర్‌సీరు. నేను చొప్పదండి నుంచి వెళ్లి ఆయన కింద రోడ్డు పనుల్లో గుమాస్తాగా చేరాను. నా అర్హత దస్తూరి. ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాణ్ణి. ముత్యాల మధ్య దారం ఉండాలన్న సంగతి మాత్రం అప్పటికి తెలియదు.

పత్తి కాలం వచ్చిందంటే ఆ ఊరి బాట తెల్లగా మారిపోయేది. పల్లెల నుంచి తెల్లవారక ముందే బయలుదేరిన బండ్లు, బడి గంట కొట్టే వేళకు బారులు తీరి జిన్నింగు మిల్లుకు పోయేవి. ఇళ్లు బాటకు ఒక పక్క, బడి రెండో పక్క. బండ్లవాళ్లు పత్తి మీద పడుకుని నిద్రపోయేవారు. ముందు బండి ఎద్దులకు దారి తెలుసు. వెనక ఎద్దులకు ముందు బండి తెలుసు. ఇక మనుషులకు తెలియాల్సిందేమీ మిగల్లేదు.

అలాంటి ఒక ఉదయం రెండో తరగతి చదివే గంగ పాదం అంచు మీదుగా బండి చక్రం పోయింది. రెండు వేళ్లు నలిగాయి. గాయం మానింది కానీ, మిల్లులో హమాలీ చేసే వాళ్ల నాన్న పోశెట్టి పిల్లను మళ్లీ బడికి పంపలేదు. పంతులమ్మ నేరుగా మా ఆఫీసుకొచ్చింది.

“గంగ వస్తలేదు సాబ్. దాన్ని జూసి ఇంకో నలుగురు ఆడపిల్లలు బందైండ్రు. గిట్లనే అయితే నేను గోడలకు పాఠం జెప్పుకోవాలె.”

లతీఫ్ సాబ్ నోరు తెరవక ముందే నేను రంగంలోకి దిగాను. అంటే రంగు డబ్బాతో దిగాను. ‘ముందు బడి ఉన్నది, బండి నిదానంగా తోలండి’ అని తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో పెద్ద బోర్డు రాసి బడికి ముందు, ఊరి మలుపులో నిలబెట్టాను. బోర్డు నిలబడింది, వారం తిరక్కుండా నేను బోర్లా పడ్డాను. ఒక్క బండి నెమ్మదించలేదు. పోశెట్టి వచ్చి, మెడ వంచి ఆ అక్షరాలన్నీ తీరిగ్గా చూశాడు.

“మంచిగ రాసినవ్ సారూ. గని గిది ఎడమెద్దు సదువుతదా, కుడెద్దు సదువుతదా? బండోడైతే పండుకున్నడు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకొచ్చి సాబ్‌కు చాడీ చెప్పినట్టే చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

“గాయన ఎక్కిరించలే నర్సింగం. ఉన్నది జెప్పిండు. రేపు ఫైలు ముట్టకు, నాతోని వచ్చి బాట మీద కూసో.”

రెండు ఉదయాలు మోరీ గట్టు మీద కూర్చున్నాం. మొదటి రోజు “ఏం జూసినవ్?” అన్నారు. “బండ్లు చూశాను సాబ్.” “గవి అందరు జూస్తరు. ఎద్దుల చెవులు జూసినవా?” రెండో రోజు చూశాను. ఊరి మలుపు దాకా కాళ్లీడ్చుకుంటూ వచ్చిన ఎద్దులు అక్కడికి రాగానే చెవులు నిక్కించి, మెడలు చాచి, అడుగు పెంచుతున్నాయి. పైన మనిషి గురక పెడుతూనే ఉన్నాడు.

“మిల్లుల నీళ్ల తొట్టి ఉన్నది” అన్నారు సాబ్. “నిన్న పొద్దుమీకి తాగినయ్ పాపం. గాలికి వాసన తగలంగనే ఉరుకుతున్నయ్. గా ఉరుకుడుకు అడ్డం మన బడి. నీళ్లు బడికి ఇవతలికే తెద్దాం.”

పిల్లల కోసం బాట మీద ఏదైనా కట్టడానికి మా దగ్గర రూలు లేదు. పశువుల తొట్టికి ఉంది. లతీఫ్ సాబ్ ఆ రూలు కిందే కాగితం రాయించారు. మలుపు దగ్గర, బాట పక్కనున్న బావిని ఆనించి రాతి తొట్టి లేచింది. పొద్దున్నే చేది నింపే పని నాకే పడింది. చేతిలో పెన్ను బదులు చేంతాడు చూసి ఊరంతా సంతోషించింది. సాబ్ స్వయంగా పోశెట్టి ఇంటికి పోయారు, నన్ను వెంటబెట్టుకుని.

“ఈసారి నా బిడ్డ కాలు పోతే నువ్విస్తవా సాబ్?” అన్నాడు పోశెట్టి.

“ఇయ్యలేను. గందుకే నువ్వొచ్చి నీ కండ్లతోని జూడు. మనసుకు పట్టినంకనే పంపు. పట్టకపోతే పంపకు.”

మర్నాడు పోశెట్టి చేతులు కట్టుకుని మలుపులో నిలబడ్డాడు. ముందు బండి వచ్చింది. ఎద్దులు తొట్టి దగ్గర మూతి పెట్టి, బుస్సుమని, చెవులు నిక్కించి మిల్లు వైపే ఉరికాయి. వెనక బండ్లన్నీ వాటి వెంటే. పోశెట్టి తలపాగా దులుపుకుని పనికి పోయాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఖాళీ బండితో తిరిగొస్తున్న మారుతిని, ఆ ముందు బండి తోలేవాణ్ణి, సాబ్ ఆపారు. మారుతి మరాఠీ మాట్లాడే సరిహద్దు పల్లె మనిషి. తొట్టిలో చెయ్యి ముంచి వాసన చూసి నవ్వాడు.

“నవా చూనా సాబ్! కొత్త సున్నం. ఎద్దైనా, ఏ జనావరమైనా గిట్ల తాగదు.”

కొత్త తొట్టిలో సున్నం వాసన చావాలంటే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. వాగు బురద, పేడ కలిపి లోపలంతా రుద్దించాడు. నాచు పట్టిన నీళ్లు రెండు బిందెలు తెచ్చి పోయించాడు. రెండు రోజులు తన ఎద్దులను తానే దిగి, ముకుతాడు పట్టి అక్కడ తాగించాడు. మూడో రోజు, “ఇగ నేను పండుకుంట సాబ్, మీరు జూస్కోండ్రి” అన్నాడు.

ఆ ఉదయం పోశెట్టి మళ్లీ వచ్చి నిలబడ్డాడు. పత్తి మీద మారుతి నిజంగానే నిద్రపోతున్నాడు. ఎద్దులు మలుపు తిరిగాయి, చెవులు లేచాయి. తొట్టి దగ్గరికొచ్చి, ఎవరూ చెప్పకుండా, ఆగాయి. వెనక బారు మొత్తం ముందున్న బండికి మూతి తగిలించుకుని ఆగింది. కుదుపుకు మారుతి లేచి “కాయ్ ఝాలా? ఏమైంది?” అని కళ్లు నులుముకున్నాడు. బడి ముందు ఖాళీ అయిన బాట మీద పంతులమ్మ పిల్లలను తీసుకుని దాటింది. నీళ్లు తాగిన ఎద్దులకు తర్వాత తొందరేమీ లేదు, బడి ముందు నుంచి పెళ్లి ఊరేగింపులా నడిచాయి.

అందరూ ఎద్దులను చూస్తుంటే లతీఫ్ సాబ్ పోశెట్టిని చూస్తున్నారు. పోశెట్టి తలపాగా సర్దుకుని పనికి పోయాడు. మర్నాడూ ఒక్కడే వచ్చాడు, చూసి పోయాడు. ఆ మర్నాడు గంగ చెయ్యి పట్టుకుని వచ్చాడు. బారు ఆగింది. పిల్ల బాట వైపు చూసి తండ్రి వేలు ఇంకా గట్టిగా పట్టుకుంది. “పో బిడ్డా, నేనీడనే ఉన్న” అని పోశెట్టి వేలు విడిపించుకున్నాడు. గంగ కొంచెం కుంటుతూ, తొందర లేకుండా దాటింది.

నేను సాబ్‌ను అడిగాను, “మరి నా బోర్డు పీకెయ్యమంటారా?”

“ఉండనియ్ నర్సింగం. ఆగినంక సదువుకోనీకి ఏదన్న ఉండాలె గద.”

రెండేళ్లకు నాకు బదిలీ అయింది. తర్వాత చాలా ఊళ్లలో పని చేశాను, చాలా నిబంధనలు రాశాను. ఒక్కొక్కటి రాసేముందు, దీన్ని చదవాల్సినవాడు నిద్రలో ఉన్నాడనే అనుకున్నాను. నా కాగితాలు చూసిన పై అధికారుల విషయంలో అది చాలాసార్లు నిజమైంది కూడా. కానీ రాయడం అయ్యాక పెన్ను మూసి ఆ చోటికి వెళ్లేవాణ్ణి. అక్కడ నమ్మకం కుదరని తండ్రి ఒకడు నిలబడి ఉంటాడని, అతను పిల్ల వేలు విడిచేదాకా నా పని అయిపోయినట్టు కాదని నాకు తెలుసు.