ఆరుసార్లు నొక్కిన గంట

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. చెప్పాల్సిన మాటలన్నీ చీటీల మీద రాసి వైర్లకు అంటించేస్తాడు, ఇంక ఇంటికేం మిగులుతాయి అంటుంది మా అక్క. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సన్న పెన్నూ, ఒక చీటీల చుట్టా ఉంటాయి. వాళ్లింట్లో ప్రతి స్విచ్చు కిందా ఒక చీటీ: ‘మెట్లు’, ‘స్నానాల గది’, ‘ఇది పనిచేయదు’. పెళ్లయిన కొత్తలో అక్క విసుక్కుని, “నా నెత్తిన కూడా ఒకటి అంటించండి, నేనెవరో మరిచిపోతారు” అందట. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఊరుకుంటూనే ఉన్నాడు.

ఆయన ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల నెట్‌వర్క్ చూస్తాడు. అదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో, మందుల కౌంటరు పక్కన కూర్చుని నేను ఫోన్లు ఎత్తుతాను. ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అయినా మరదలినన్న ధీమాతో నలుగురూ లేనప్పుడు ఆయన్ని నానా మాటలూ అంటాను. నా నోరు పెద్దదని ఆసుపత్రిలో వార్డుబాయ్‌ల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ తెలుసు.

మొదట్లో ఆసుపత్రికంతటికీ ఒకే ఇంటర్నెట్ లైను ఉండేది. డాక్టర్లు ఒక స్కాన్ బొమ్మ పంపితే చాలు, కింద బిల్లులు ఆగిపోయేవి. జనం వచ్చి నా మీద పడేవాళ్లు, నేను వెళ్లి బావ మీద పడేదాన్ని. చివరికి యాజమాన్యం మూడు లైన్లు తెప్పించింది. ఆ లైన్లను యంత్రాలకు పంచే రూటర్ మాత్రం పాతదొక్కటే. ఇంకొకటి కొనమని బావ అడిగితే, “ఉన్నదాంతోనే సర్దవయ్యా, మరి నువ్వున్నది ఎందుకు” అన్నాడు మేనేజరు.

బావ సర్దాడు. యంత్రాలన్నిటినీ మూడు గుంపులు చేశాడు. ఆఫీసువి ఒకటి, రోగుల గదులవి ఒకటి, డాక్టర్లవి ఒకటి. ఒక్కో గుంపు బయటికి పోవడానికి ఒక్కో లైను. ఒకరి దారి ఒకరు తొక్కకూడదు. టీ తాగుతూ నాకు వివరంగా చెప్పాడు కూడా.

“రూటర్‌లో రూల్స్ వరసగా రాసి పెడతాం. అది పైనుంచి చదువుకుంటూ వస్తుంది. తనకి సరిపోయింది కనబడగానే దాన్ని పట్టుకుని వెళ్లిపోతుంది, కిందేముందో ఇంక చూడదు. అందుకని అన్నిటికన్నా పైన ఒక రూల్ ఉండాలి. మన లోపల్నుంచి మన లోపలికే పోయేది ఏదైనా బయటి గుమ్మం దాకా పోనక్కర్లేదు, లోపలే తిరగాలి అని.”

“అచ్చం నాలాంటిదన్నమాట. మొదటి మాట వినగానే మిగతాది వినకుండా అరుస్తుంది” అన్నాను. ఆ రోజు ఆయన చాలాసేపు నవ్వాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ మార్పు చేశాడు. బిల్లులు చూశాడు, స్కాన్లు చూశాడు, నా ఫోన్లు చూశాడు. అన్నీ పరుగులు పెట్టాయి. మేనేజరు వచ్చి భుజం తట్టాడు. గదుల్లో నర్సును పిలిచే గంటలుంటాయి కదా, అవీ ఈ నెట్‌వర్క్ మీదే నడుస్తాయి, వాటిని మాత్రం ఎవరూ నొక్కి చూడలేదు. పైన ఉండాల్సిన రూల్‌ని బావ రాశాడు, రాయకపోలేదు. కానీ అది అన్నిటికన్నా అడుగున పడింది. గంట బటన్లు గదుల గుంపులో ఉన్నాయి. అవి మోగాల్సిన నర్సు బల్ల ఆఫీసు గుంపులో ఉంది. దాంతో గదిలో ఎవరు నొక్కినా ఆ కబురు పది అడుగుల దూరంలో ఉన్న నర్సుకు అందకుండా, గదుల లైను పట్టుకుని వీధిన పడి, ఎవరికీ చేరకుండా పోయేది. పోయిందన్న సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు.

రెండో అంతస్తు ఏడో గదిలో ఒక దర్జీ ఉన్నాడు. మూడు రోజుల కిందట గొంతుకు ఆపరేషన్ అయింది. మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏం కావాలన్నా గంట నొక్కడమే. రెండున్నరప్పుడు ఆయన భార్య మందుల కోసం కిందికి వచ్చి, నా పక్కనే వరసలో నిలబడింది. పైన ఆయన గొంతులో కుట్టు తెగింది. ఆరుసార్లు నొక్కాడు. ఆవిడ మందులు తీసుకుని పైకి వెళ్లి కేక పెట్టేసరికే అంతా అయిపోయింది.

డ్యూటీలో ఉన్న సిస్టర్ తన బల్ల దగ్గరే కూర్చుని చార్టులు రాసుకుంటోంది. “గంట మోగలేదండీ” అని ఏడుస్తూ చెప్పింది.

ఆ మాట చెవిన పడగానే బావ పరుగున వెళ్లి రూటర్ తెరిచాడు. కింద పడ్డ రూల్ కనబడింది. దాన్ని పైకి జరిపాడు. అర నిమిషం పని. చెడింది కనబడితే ముందు బాగుచేసేస్తాడు, ఆలోచన తరవాత. ఆ అలవాటే ఆ సిస్టర్ కొంప ముంచింది. ఎందుకంటే ఐదింటికి మేనేజరూ ఇద్దరు డాక్టర్లూ ఏడో గదికి వెళ్లి బటన్ నొక్కితే ఠంచనుగా మోగింది. “గంట పనిచేస్తోందా?” అని బావను అడిగారు.

“ఇప్పుడు పనిచేస్తోందండి” అన్నాడు.

ఇంకేం అడగలేదు. ఆవిడ భోజనం చేసి కునుకు తీసిందని తేల్చి, వారంలోగా ఉద్యోగం తీసేశారు.

ఆ బుధవారం సాయంత్రమే బావ మాకంతా చెప్పాడు. అక్క కన్నా ముందు నేనే అందుకున్నాను. “నోరు మూసుకుని ఉండు బావా. నువ్వు చెప్తే పోయినాయన లేచొస్తాడా? పిల్లల చదువులు సగంలో ఉన్నాయి. ఆవిడకేం, తీసేసినా నర్సు పని తెలిసినావిడ, ఇది కాకపోతే ఇంకో ఆసుపత్రి.” అంత తేలిగ్గా ఎలా అనేశానో ఇవాళ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

దొంగకు తేలు కుట్టినట్టు తిరిగాడాయన. తిండి తగ్గింది. రోజూ పొద్దున్నే రెండో అంతస్తుకు వెళ్లి ఒక్కో గదిలో బటన్ నొక్కేవాడు. ప్రతిదీ మోగేది. పదో రోజు రూటర్‌లో రూల్ ఎప్పుడు మారిందో, ఏడో గది బటన్ ఎన్నిసార్లు నొక్కారో ఆ లెక్కలు కాగితాల మీద తీసి మేనేజరు ముందు పెట్టాడు. మేనేజరు వాటిని సొరుగులో పడేశాడు. “ఆవిడ సంతకం పెట్టి వెళ్లిపోయింది. అయిపోయినదాన్ని కెలక్కు. నీ పని నువ్వు చూసుకో” అన్నాడు.

బావ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. “ఆ సిస్టర్ వాళ్లింటికి వెళ్తున్నాను. ఇల్లు నీకు తెలుసుగా, చూపించు.” అన్నేళ్లలో ఆయన నాకు పని చెప్పడం అదే మొదలు.

ఇస్త్రీ దుకాణం మీద రెండు గదులు. ఆవిడ నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మమ్మల్ని చూసి, “ఇంకా ఎక్కడైనా సంతకం పెట్టాలా సార్?” అంది. బావ నిలబడే చెప్పాడు. మూడు లైన్లూ, పైన ఉండాల్సింది కింద పెట్టడం, ఆరుసార్లు నొక్కడం, తానే బాగుచేసి నోరు మెదపకపోవడం, ఏదీ దాచలేదు. చెయ్యి చేసుకుంటుందేమో అనుకున్నాను. ఆవిడ చేతిలోని బట్ట కింద పెట్టింది.

“అయితే నేను నిద్రపోలేదా సార్?”

“లేదు సిస్టర్. గంట మోగలేదు.”

“మూడు రోజులు నేనూ అదే అన్నాను. మావాళ్లు కూడా నమ్మలేదు. అందరూ అంటుంటే, ఏమో, నిజంగానే కన్ను మూతపడిందేమో అనుకున్నాను. నిన్న ఆ దర్జీ భార్య దగ్గరికి వెళ్లాను. నిద్రపోయానమ్మా, నీ మొగుణ్ణి నేనే చంపానని కాళ్లు పట్టుకున్నాను.”

ఆవిడ బావ మొహంలోకి చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగింది. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు సార్? ఎవరైనా వద్దన్నారా?”

బావ తల దించుకున్నాడు. “ఎవరూ అనలేదు. నాకే ధైర్యం చాలలేదు” అన్నాడు.

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నేనే వద్దన్నానని నేనూ చెప్పలేదు.