దేవుడి గూట్లో పుడియా

గుడి నుంచి విభూతి తెచ్చినా, మారేడు పత్రి తెచ్చినా మా ఇంటికి కాగితం పొట్లంలోనే వస్తుంది. జంషెడ్‌పూర్‌లో అందరూ దాన్ని పుడియా అంటారు, మేమూ అలాగే అలవాటుపడ్డాం. ఆ సోమవారం మా అబ్బాయి చొక్కా నానబెట్టబోతే జేబులో ఒక పుడియా దొరికింది. లోపల ఎండి నలిగిన ఆకు. వాసన ఘాటుగా ఉందనిపించినా, మారేడు ఎండితే ఇంతేనేమో అనుకున్నాను. కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో శివుడి పటం ముందు పెట్టాను. పదహారేళ్ళవాడు ఎవరూ చెప్పకుండా గుడికి వెళ్ళొచ్చాడే అని మురిసిపోయి, అందుకు స్వామికి ఇంకో దండం పెట్టాను.

సాయంత్రం మా ఆయన అన్నగారు గోల్‌మురి నుంచి వచ్చారు. దండం పెట్టుకోవడానికి గూటి దగ్గరికెళ్ళి, ముక్కు ఎగబీల్చి నవ్వారు.

"ఏటమ్మా, స్వామికి గంజాయే నైవేద్యం పెట్టేత్తన్నావు?"

పుడియా గూట్లోంచి తీసేశాను. మంచం మీద ఫోన్ చూస్తున్న అబ్బాయిని అడిగితే తల కూడా ఎత్తలేదు.

"పత్తా హై మమ్మీ. నేచురల్ హై."

"ఆకే గదమ్మా," అన్నారు బావగారు. "శివుడి ప్రసాదం. ఈ వయసులో ఎవుడు ముట్టుకోడు?"

"స్వామి విషం కూడా తాగేడు. రేపు అదీ తెమ్మంటారా బావగారూ?"

ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

అప్పటిదాకా విడివిడిగా కనబడ్డవన్నీ నాకు ఒక్కచోటికి వచ్చాయి. ఎర్రబడ్డ కళ్ళు, అవి దుమ్మువల్ల అనేవాడు. పర్సుడీహ్ బజారులో సైకిలు పెట్టి, ఎక్కడ పెట్టాడో మరిచిపోయి నడిచి రావడం. ఒక మధ్యాహ్నం గుండె దడదడలాడుతోందని గోడ పట్టుకుని కూచోవడం, కిటికీలోంచి ఎవరో చూస్తున్నారనడం. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాను.

అన్నిటికన్నా గట్టి గుర్తు పద్యం. నేను బడి మొహం చూడలేదు, మా నాన్న ఇంట్లోనే పలక మీద దిద్దించిన చదువు నాది. ఆ చదువుతోనే వీడి చిన్నప్పుడు శివుడి మీద ఒక పద్యం నేర్పాను. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లాడు ఆ నాలుగు పాదాలూ మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. ఈమధ్య మూడో పాదం దగ్గర ఆగిపోతున్నాడు. బద్ధకం అని తిట్టాను.

మర్నాడే వాణ్ణి ఆసుపత్రికి తీసికెళ్ళాను. డాక్టరమ్మ నాతో కాదు, వాడితోనే మాట్లాడింది. "దిమాగ్ అభీ బన్ రహా హై," అంది. మెదడు ఇంకా తయారవుతూనే ఉందట, పాతికేళ్ళు వచ్చేదాకా. ఈ వయసులో పొగ మొదలెడితే జ్ఞాపకం, ధ్యాస దెబ్బతింటాయట. ఆ దడ, ఆ అనుమానం కూడా దానివేనట, కొందరికి అవే ముదిరి పెద్ద జబ్బవుతాయట. మానేశాక కొన్నాళ్ళు నిద్ర పట్టదు, కోపం వస్తుంది, కొట్టకండి అని అప్పుడు నా వైపు తిరిగింది. మంచి మనిషి. ఆవిడ దొరికినందుకు స్వామికి చెప్పుకున్నాను.

మానేశానంటున్నాడు. నమ్మాలి. పళ్ళెం తోసేస్తాడు, తలుపు విసురుతాడు, తలనొప్పంటాడు. మా ఆయన రైల్వే డ్యూటీ దిగి వచ్చి, "మానేత్తాడులే, ఊరికే సతాయించకు," అంటారు. బావగారు ఫోన్ చేసి, "ఏటమ్మా, మన గంజాయి బాబా ఎలాగున్నాడు?" అని నవ్వుతారు. వీళ్ళెవరికీ ఇది జబ్బులా కనబడదేం? కుళాయిలో నీళ్ళొస్తే కూడా దండం పెట్టుకునే దాన్ని, ఈ నెలంతా గూటి ముందు నిలబడితే మాట రావడం లేదు. విసుగొస్తోంది, స్వామి మీద కూడా.

నిన్న దీపం పెడుతుంటే పిలవకుండానే వచ్చి పక్కన నిలబడ్డాడు. పద్యం ఎత్తుకున్నాడు. మూడో పాదం దగ్గర ఆగాడు.

"ఆగే క్యా హై?"

"తెలుగులో అడుగు," అన్నాను, కసురుతూనే.

"తర్వాత ఏటమ్మా?"

అందించబోయి నోరు మూసుకున్నాను. ఒత్తి ఎగదోస్తూ నిలబడ్డాను. వాడు మొదటి పాదం నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. మూడోది మళ్ళీ రాలేదు. తలుపు మాత్రం విసరలేదు, గూటి దగ్గర నుంచి కదల్లేదు. ఇంకోసారి మొదలుపెట్టాడు.