దీపం పాటకు ఆఖరి చరణం

దయ్యాలు, శకునాలు, పోయినవాళ్ళు వచ్చి చెప్పిపోవడాలు... వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. మా నాయన నన్ను బడికి పంపలేదు. మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని, బైబిలు వాక్యం చదివిస్తూ అక్షరాలు నేర్పాడు. భయపడాల్సింది దేవుడొక్కడికే అన్నది ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం. ఇది కూడా ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

మాది వరంగల్ కాశిబుగ్గ. ఇంట్లో జంపఖానాలు నేస్తాం. వెడల్పాటి జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నేను పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఎడమ వైపు నేను, కుడి వైపు మా అత్తమ్మ. దారం వేసి, పంజా అనే ఇనుప దువ్వెనతో కొట్టి బిగించాలి. ఇద్దరి దెబ్బా ఒక్క తీరుగా పడకపోతే నేత ఒక పక్కకు గుంజుకుపోతుంది. అందుకే పాడుకుంటూ నేస్తాం.

ఆ పాటలకు మా అత్తవారింట్లో ఒక కట్టుబాటు ఉంది. జంపఖానా మగ్గం మీద ఉన్నంతకాలం ఏ పాటకైనా ఆఖరి చరణం పాడకూడదు. దాన్ని దాచాలి. పని పూర్తయ్యాక, ఇంటి పెద్దావిడ దాన్ని మగ్గం నుంచి కత్తెరతో కోసేటప్పుడే పాడాలి. పాట ముందే అయిపోతే పని మధ్యలో ఆగుతుందట. నేను నమ్మలేదు గానీ, పెద్దామె మీది గౌరవంతో పాటించేదాన్ని.

మేం పాడుకున్నవన్నీ దాదాపు ఒక్క గాయని పాటలే. ఆమె ఈమధ్యే కాలం చేశారు. పేరు రాయను. గొంతు వింటే మీరే చెప్పేస్తారు. కోరస్‌లో వెనక వరుసన నిలబడే అమ్మాయి. పెద్ద గాయనికి గొంతు పట్టేసిన రోజున మైకు ముందుకు పిలిచారట. ఆ తర్వాత ఎందరు కథానాయికలకు పాడారో! వయసు మళ్ళాక టీవీలో పిల్లల పాటలు విని, తప్పు పాడినా ముద్దుగా సరిదిద్దేవారు. మా చర్చిలో క్రిస్మస్‌కు పెట్టే పాటల్లోనూ ఆమె గొంతే ఉంటుంది. రోజూ ప్రార్థన ముగించేటప్పుడు, నేను ముఖం చూడకుండానే నాకు మేలు చేసినవాళ్ళ కోసం దేవునికి వందనాలు చెప్పుకోవడం నాకు అలవాటు. ఆ వరుసలో ఆమె ఎప్పుడూ ఉండేవారు.

ఆమె మొదటి పాట, దీపం పెట్టుకుని ఎదురుచూసే ఒక ఆడమనిషి పాట. రెండే చరణాలు. అయినా అత్తమ్మ ఆ రెండింటినీ నేసేటప్పుడే పాడేసేది. కోసేటప్పుడు వేరే పాట అందుకునేది.

"రెండోదే గద అత్తమ్మా ఆఖరిది? గిట్ల పాడేస్తున్నవేంది?" అని అడిగేదాన్ని.

"కాదు బిడ్డా. దీనికి ఇంకోటున్నది."

"ఏదీ, పాడు మరి."

"యాదికొస్తలేదు. వచ్చిన్నాడు పాడుత."

దారం కండెలు చుట్టడానికి వచ్చే పక్కింటి షాహీన్‌ను నేను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాను. ఆమె ఊరుకునేది కాదు. "గా చరణం మద్రాసులనే మర్చిపోయి వచ్చినవా ఏంది అత్తమ్మా? జర ఫోన్ చేసి తెప్పియ్యమంటవా?"

"నోరు మూసుకోని కండె చుట్టు పోరీ. నీకేం ఎరుక!"

మద్రాసు దాకా ఎందుకు, పుట్టినిల్లు కేసముద్రం, ఆడబిడ్డ ఇల్లు ములుగు తప్ప అత్తమ్మ ఏ ఊరూ ఎరగదు. చదువు రాదు.

పోయినేడు అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, మాట రెండూ పోయాయి. అప్పటికి మగ్గం మీద జంపఖానా సగమే అయింది. మాట వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు దవాఖానాలో. నేను దేవుణ్ణి ఒక్కటే అడిగాను. ఆ నోటితో ఇంకొక్కసారి 'బిడ్డా' అని విననీ ప్రభువా, చాలు.

కాసేపు ఎడమ వైపు, కాసేపు ఆమె వైపు కూర్చుని ఆ జంపఖానా నేనొక్కదాన్నే నేశాను. నెలలు పట్టింది. పాడబుద్ధి కాలేదు.

కోసిన రోజు పొద్దుటి ఎండ బాగా గుర్తు. కిటికీలోంచి ఏటవాలుగా పడి, గాలిలో తేలే నూగంతా బంగారంలా మెరిసింది. షాహీన్ ఆపా, నేను కలిసి అత్తమ్మ మంచాన్ని మగ్గం దగ్గరికి జరిపాం. ఆమె ఎడమ చేతికి కత్తెర ఇచ్చి, పైన నా చేయి వేశాను. మొదటి పోగులు తెగాయి.

అత్తమ్మ పాడింది.

తెల్లవారితే దీపమెందుకు, దాచుకో వత్తిని
మళ్ళీ చీకటి తలుపు తడితే వెలిగించుకో దానిని

బాణీ దీపం పాటదే. ఒక్క పదం తడబడలేదు. గొంతు అత్తమ్మదే, కొంచెం బొంగురు. కానీ 'దాచుకో' దగ్గర ఆగి చిన్నగా ఊపిరి తీసుకున్న తీరు మాత్రం ఆ గాయనిది. ఆ ఊపిరి నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కత్తెర ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేదాకా ఆ రెండు పాదాలే మళ్ళీ మళ్ళీ పాడింది. జంపఖానా ఒళ్ళో పడగానే నోరు మూసుకుంది.

షాహీన్ ఆపా తెగిన పోగుల మీదుగా ముందుకు వంగింది. "యా అల్లా! ఏం పాటనే ఇది?"

"దీపం పాటనే. గానీ ఈ చరణం నేనెన్నడు ఇనలే ఆపా."

"అత్తమ్మా, ఒక్కసారి బిడ్డా అను" అని బతిమాలాను. ఆమె నవ్వింది, అంతే.

మధ్యాహ్నం టీవీ పెడితే, ఆ పొద్దున్నే ఆ గాయని చెన్నైలో కన్నుమూశారని చెబుతున్నారు.

అంతటితో ఆగి ఉంటే కాకతాళీయం అనుకునేదాన్ని. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆమె జ్ఞాపకాల కార్యక్రమం వస్తుంటే ముగ్గురం చూస్తున్నాం. ఆమె మొదటి పాటకు వయొలిన్ వాయించిన ముసలాయన మాట్లాడుతున్నాడు. ఆ పాటకు మూడో చరణం కూడా ఉండేదట. ఆమె సాధన చేశారట గానీ, నిడివి ఎక్కువైందని రికార్డింగుకు ముందే తీసేశారట. పాటల పుస్తకంలో కూడా వేయలేదట. "ఆ గదిలో ఉన్నవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలానమ్మా. నాతోనే పోతుంది" అని, వణికే గొంతుతో పాడాడు.

తెల్లవారితే దీపమెందుకు...

షాహీన్ ఆపా నా మణికట్టు పట్టుకుంది. అత్తమ్మ మాత్రం వింత చూసినట్టు చూడలేదు. తెలిసినామె పెళ్ళి ఫొటోలు చూస్తున్నట్టు కళ్ళు సగం మూసి, ఎడమ చేత్తో మంచం పట్టె మీద తాళం వేస్తూ ఉంది.

మాట పోయినవాళ్ళకు కూడా ఒక్కోసారి పాట వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. సరే, పాట రావడం అర్థమైంది. ఎన్నడూ బయటికి రాని చరణం 'ఇంకోటున్నది' అని ఎన్నో ఏళ్ళ కిందే అత్తమ్మకు ఎలా తెలిసింది? ఎవరిని అడగాలో తెలియదు. మా పాస్టరు గారు కూడా విని, "వందనాలు చెల్లించుదాం" అన్నారు. అదే చేస్తున్నాను. ఆ గాయని పేరు నా వందనాల్లో ఇప్పటికీ ఉంది.

'బిడ్డా' అన్న మాట ఇంకా రాలేదు.

మగ్గం మీద కొత్త జంపఖానా మొదలుపెట్టాం. అత్తమ్మ చోట షాహీన్ ఆపా కూర్చుంటోంది. దీపం పాట రెండు చరణాలు పాడి ఆగుతాం. పంజాలు కూడా ఆగుతాయి. మంచం మీద అత్తమ్మ ఎడమ చేయి మాత్రం మూడోదానికి తాళం వేస్తూనే ఉంటుంది. మేం అందుకోం. ఇంకా కోసే రోజు రాలేదు.